ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి జీవిత సంగ్రహము

మన గోదావరి మండలమున సంచరించువారికి క్రైస్తవ సంఘములు పెక్కు తెగలవి కానవచ్చును. రామచంద్రపురము, కాకినాడ ప్రాంతములయందు బాప్తిస్టు సంఘములును, రాజమహేంద్రవరమున లూథరను సంఘములును, నరసాపురము పాలకొల్లులయందు సహోదరుల కూటములును గలవు. రోమను కాథొలిక్కు దేవాలయములును అక్కడక్కడ నున్నవి. ఈ సంఘములన్నిటి బిడ్డలును మన పాఠశాలలో ఒక్క బల్లమీదనే కూర్చుండి చదువుకొనుచుందురు. విరామకాలమున వారిలో వారికి వాదములు పుట్టుటయు కలదు. పసిబిడ్డలకు బాప్తిస్మమియ్యవచ్చునా? గురుపట్టము లేనివాడు ప్రభుభోజనపు రొట్టె విరువవచ్చునా? క్రైస్తవుడు కత్తిపట్టి యుద్ధమునకు పోవచ్చునా? రేపటికని ధనము కూడబెట్టవచ్చునా? ఇట్టి ప్రశ్నలు పిల్లలకేగాక పెద్దలకును తలనొప్పి తెచ్చినవే.

ఈ ప్రశ్నలను పుస్తకములలో వాదించి ఊరకుండినవారు లోకమున అనేకులు. వానిని తమ జీవితమునకే తగిలించుకొని, తాము సత్యమని నమ్మిన దానికొరకు నష్టమునకు ఓర్చినవారు కొలదిమంది. వీరిలో గూడ, తమతో ఏకీభవింపని వారిని ప్రేమతో చేరదీసినవారు మరియు అరుదు. అట్టివారిలో ఒకరు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారు. వీరు మన డెల్టాలో స్థిరనివాసము చేసినవారు కారు. అయినను 1836వ సంవత్సరమున గోదావరి ప్రాంతమునకు సువార్తికులను వెంటబెట్టుకొని వచ్చినవారు వీరే గనుక, వీరి చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినదని తలంచి, సంగ్రహముగ వ్రాయుచున్నాము.

గ్రోవ్స్ గారు 1795వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లాండు దేశమున హాంప్‌షైరు మండలములోని న్యూటన్ వాలెన్సు అను గ్రామమున జన్మించిరి. లండను నగరమున తమ మేనమామగారి యొద్ద దంతవైద్యము నేర్చుకొని, పందొమ్మిదవ యేటనే ప్లిమతు పట్టణమున స్వంతముగ వైద్యము ప్రారంభించిరి. 1816లో తమ మేనమామగారి కుమార్తెయగు మేరీ గారిని వివాహమాడి, ఎక్సెటరు పట్టణమునకు మారిరి. అక్కడ వారి వైద్యమునకు మంచి పేరు వచ్చెను. సాలుకు వేయి పౌనులకు మించిన రాబడి గలిగెను. ఆ దినములలో అది గొప్ప ఐశ్వర్యమే. మంచి యిల్లు, బిడ్డలు, స్నేహితులు, పలుకుబడి అన్నియు అమరియుండెను.

ఇట్లుండగా కొండమీది ప్రసంగములో భూమిమీద ధనము కూడబెట్టుకొనవద్దని ప్రభువు చెప్పిన ఆజ్ఞ వారి మనస్సును పట్టుకొనెను. సాధారణముగ ఈ ఆజ్ఞను చదువువారు, ధనమునందు మనస్సు నిలుపరాదని మాత్రమే దాని భావమనుకొని సమాధానపడుదురు. గ్రోవ్స్ గారికి ఆ సమాధానము చాలలేదు. ప్రభువు మాట ఎట్లున్నదో అట్లే ఆచరింపవలెనని వారి నిశ్చయము. మొదట దశమభాగమును, పిమ్మట నాల్గవ భాగమును దేవుని పనికి ప్రత్యేకించి, తుదకు కుటుంబపోషణకు పోగా మిగిలినదంతయు ఇచ్చివేయుటకు పూనుకొనిరి. వారి భార్య మేరీ గారు మొదట దీనికి సమ్మతింపలేదు. గ్రోవ్స్ గారు ఆమెను బలవంతపెట్టలేదు. కొన్ని సంవత్సరములు వేచియుండిరి. బీదసాదల యిండ్లకు స్వయముగ పోయి వారి యవస్థలను కన్నులార చూచిన పిమ్మట ఆమె మనస్సు తనంతట మారెను.

ఈ విషయమై తమ అభిప్రాయములను గ్రోవ్స్ గారు 1825లో ఒక చిన్న పుస్తకముగ ప్రకటించిరి. దాని పేరునకు క్రైస్తవ సమర్పణ జీవితము అని అర్థము చెప్పవచ్చును. పుస్తకము చిన్నదే గాని కలవరము పెద్దదయ్యెను. తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని అపొస్తలుడు వ్రాసియుండగా, బిడ్డలకు ఏమియు మిగుల్పరాదని బోధించుట ఎట్లు న్యాయమని పెక్కుమంది ఆక్షేపించిరి. గ్రోవ్స్ గారి సమాధానమిది: కష్టించి పనిచేసి నేటి యవసరములకు ఇంటివారిని పోషించుట ధర్మమే, రేపటి భయముచేత నేడు ఆకలిగొన్నవానికి పెట్టక దాచుట మాత్రము విశ్వాసమునకు కొరత. ఈ సంగతిలో అందరును వారితో ఏకీభవింపనక్కరలేదు. అర ఎకరము తాకట్టుపెట్టి కుమారుని చదువునకు సొమ్ము కూర్చు తండ్రిని అవిశ్వాసియని మేమనజాలము. అయినను గాదె నిండ ధాన్యముండగా పొరుగువాని పొయ్యి రగులకుండుటను చూచియు నిద్రపోగలవారికి ఆ చిన్న పుస్తకము నేటికిని ఒక హెచ్చరికయే. బ్రిస్టలు పట్టణమున వేలకొలది అనాథ బాలబాలికలను పోషించిన జార్జి ముల్లరుగారు గ్రోవ్స్ గారి మాదిరివలన ప్రేరేపింపబడినవారే. ఆయన 1830లో గ్రోవ్స్ గారి చెల్లెలిని వివాహమాడిరి.

గ్రోవ్స్ గారి దాతృత్వము రొక్కముతో ముగియలేదనుటకు ఒక ఉదాహరణము చాలును. ప్లిమతు పట్టణమున జాన్ కిట్టో అను బీదబాలుడుండెను. తండ్రి రాతిపనివాడు. 1817లో ఈ బాలుడు నిచ్చెనమీదుగా పెంకులు మోయుచు క్రిందపడి, వినికిడిని పూర్తిగ పోగొట్టుకొనెను. తుదకు దరిద్రుల ఆశ్రమమున చేర్పబడెను. 1824లో గ్రోవ్స్ గారు ఈ చెవిటి బాలుని తమ యింటికి తీసికొనిపోయి, దంతవైద్యము నేర్పుచు, చదువుకొనుటకు తీరికయు పుస్తకములును ఇచ్చిరి. వారి ఆదరణవలన ఆ బాలుడు క్రమముగ గొప్ప పండితుడై, బైబిలునకు చిత్రసహితమైన వ్యాఖ్యానమును, బైబిలు విజ్ఞానకోశమును సిద్ధపరచి, ఇంగ్లీషు తెలిసిన క్రైస్తవలోకమునకంతకును ఉపకారియయ్యెను. తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండు బాలుని చులకనగ చూచువారు కిట్టో చరిత్రమును జ్ఞాపకముంచుకొందురుగాక.

సువార్త ప్రకటించుటకు తూర్పు దేశములకు పోవలెనను కోరిక గ్రోవ్స్ గారికి చాలకాలమునుండి కలదు. ఆంగ్లికను సంఘమున గురుపట్టము పొందినగాని మిషనెరీగ పోరాదని తలంచి, డబ్లినునందలి ట్రినిటీ కళాశాలలో చేరి, ఎక్సెటరునందుండియే చదువుచు, పరీక్షలకు మాత్రము పోయివచ్చుచుండిరి. 1827లో మరల డబ్లినుకు పోవలసియుండగా ఇంట దొంగలు పడిరి. ప్రయాణమునకుంచిన 40 పౌనులు పోయినవి; పన్నుకట్టుటకు ప్రత్యేకముగనుంచిన 16 పౌనులు మాత్రము మిగిలినవి. చదువు మానుమని దేవుడు చూపిన సూచనగ వారు దీనిని గ్రహించి, ఆ పరీక్షలకు స్వస్తి చెప్పిరి.

ఆ సమయముననే ఒక స్నేహితుడు వారినొక ప్రశ్న వేసెను. యుద్ధము క్రైస్తవునికి తగదని గ్రోవ్స్ గారి అభిప్రాయము. ఆంగ్లికను సంఘమున గురువు కాగోరువాడు 39 మతసూత్రములకు సమ్మతించి సంతకము చేయవలెను. వానిలో 37వ సూత్రము, ప్రభుత్వపు ఆజ్ఞమేరకు క్రైస్తవులు ఆయుధము ధరించి యుద్ధము చేయవచ్చునని చెప్పుచున్నది. అట్టి సూత్రమునకు మీరెట్లు సంతకము చేయగలరని ఆ స్నేహితుడడిగెను. గ్రోవ్స్ గారు ఆ సూత్రమును అంతకుముందు శ్రద్ధతో చూచియుండలేదు. చూచిన వెంటనే, మనస్సాక్షికి విరోధముగ చేవ్రాలు చేయజాలనని గురుపట్టముయొక్క ఆశను వదలుకొనిరి. ఎన్నో సంవత్సరముల శ్రమ ఒక్క సంతకము దగ్గర ఆగిపోయెను. చిన్న సంతకమే గదా యని చేయువారు లోకమున ఎందరు లేరు!

గురుపట్టము లేకయే చర్చి మిషనెరీ సొసైటీవారి పక్షమున పోవచ్చునేమో యని విచారింపగా, గురుపట్టము లేనివాడు ప్రభుభోజన సంస్కారమును జరుపరాదని తెలియవచ్చెను. దీనిని గూర్చి వారు లేఖనములను చక్కగ పరిశోధించిరి. సువార్త ప్రకటించుటకుగాని, విశ్వాసులు కూడి రొట్టె విరుచుటకుగాని మనుష్యుల చేతులమీదుగ పట్టము పొందవలెనను నియమము వారికి క్రొత్తనిబంధనలో ఎక్కడను కనబడలేదు. డబ్లినునందలి స్నేహితులకు ఈ భావమును తెలుపగా, వారిలో పెక్కుమంది సంతోషముతో దాని నంగీకరించిరి. సహోదరుల సమాజము పుట్టుటకు ఇది ఒక ముఖ్యకారణము. ప్రాయము వచ్చి విశ్వసించినవారికే బాప్తిస్మమని నమ్మి, గ్రోవ్స్ గారు తామును అట్లే బాప్తిస్మము పొందిరి. అంతట, ఇక మీరు బాప్తిస్టులైతిరి గదా యని కొందరనగా, వారు దాని నొప్పుకొనలేదు. ప్రభువును వెంబడించు విషయములలో అందరితోను కూడియుందునుగాని, ఒక పక్షమున చేరి మిగిలినవారికి దూరము కానొల్లనని వారి భావము. ఈ చిన్న మాటలోనే వారి జీవితసారమంతయు ఇమిడియున్నది.

1829వ సంవత్సరము జూను మాసమున గ్రోవ్స్ గారు భార్యాబిడ్డలతోను కిట్టోతోను బయలుదేరి, రష్యాదేశపు రాజధానియగు సెంటు పీటర్సుబర్గునకు ఓడమీద పోయి, అక్కడనుండి కాకసస్ పర్వతములు దాటి, డిసెంబరునకు బాగ్దాదు చేరిరి. వారికి జీతమిచ్చు సొసైటీ ఏదియు లేదు. అక్కడ ఒక పాఠశాల స్థాపించి, వైద్యముచేయుచు అరబ్బీ భాష నేర్చుకొనుచుండిరి. 1831లో ఆ పట్టణమునకు ఘోరమైన ఆపదలు మూకుమ్మడిగ వచ్చెను. మొదట ప్లేగు ప్రవేశించెను. దినమునకు వందలకొలది జనులు చనిపోవుచుండగా టైగ్రీసు నది పొంగి గోడలను కూల్చి, ఒక్క రాత్రిలో వేలకొలది యిండ్లను పడగొట్టెను. ఆ వెనుక ముట్టడియు దోపిడియు వచ్చెను. మే 14వ తేదీన మేరీ గారు ప్లేగుచేత మరణించిరి. కొన్ని నెలలకు పసిబిడ్డయు కన్నుమూసెను. గోదావరి వరదలను చూచిన మనకు నీటి భయమెట్టిదో తెలియును. నీటితోబాటు తెగులును కత్తియు ఒకేసారి వచ్చిన ఆ కాపురము ఎట్లుండెనో ఊహింపవచ్చును. అట్టి స్థితిలో గ్రోవ్స్ గారు దేవుని మంచితనమును సందేహించి నలిగిపోయిన గడియలు లేకపోలేదు. ఆ బాధను వారు దినచర్యలో దాచక వ్రాసికొనిరి. అయినను పనిని విడువలేదు.

బాగ్దాదుననున్న కాలముననే వారికి ఆర్థరు కాటను గారితో స్నేహము కలిగెను. ఆయన మద్రాసు సైన్యమునకు చెందిన ఇంజనీరు. పిమ్మట 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి, మన డెల్టా పొలములకు నీరు పారించిన మహనీయుడు ఆయనయే. యుద్ధము క్రైస్తవునికి తగదను గ్రోవ్స్ గారికి, సైన్యపు ఉద్యోగియగు కాటను గారు స్నేహితులగుటకు అభ్యంతరము లేకపోయెను. 1835లో గ్రోవ్స్ గారు రెండవ వివాహము చేసికొనిన హారియెట్ గారును సైన్యాధికారి కుమార్తెయే. తాను కత్తి పట్టనని నిశ్చయించుకొనుట వేరు, పట్టినవానిని ద్వేషించుట వేరు. ఈ భేదమును వారు ఎన్నడును మరువలేదు.

1833లో వారు హిందూదేశమునకు వచ్చి అనేక మిషనుస్థలములను దర్శించిరి. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ గారు 1830లో స్థాపించిన పాఠశాలను చూచి మిక్కిలి ఆనందించిరి. డఫ్ గారు స్కాట్లండు సంఘమున గురుపట్టము పొందినవారు. సంఘపరిపాలన విషయములో ఇరువురి మార్గములును వేరు. అయినను 1834లో డఫ్ గారు జబ్బుపడి స్వదేశమునకు పోవునపుడు, గ్రోవ్స్ గారు అదే ఓడలో ప్రయాణముచేసి వారికి పరిచర్య చేసిరి. రోగి ప్రక్కన కూర్చున్నవానికి సిద్ధాంతభేదములు అడ్డురావని ఇందువలన తేటపడుచున్నది.

స్వదేశము చేరిన గ్రోవ్స్ గారు, హిందూదేశమునకు రాదగిన పనివారిని వెదకిరి. డెవను మండలములోని బార్న్‌స్టేపులు పట్టణమున విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు యువకులు దొరకిరి. ఒకరు రాతిపనివారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. కళాశాల పట్టములుగాని, గురుపట్టముగాని, నియమితమైన జీతముగాని వారికి లేవు. వీరును వీరి భార్యలును గ్రోవ్స్ గారితో 1836లో మద్రాసు చేరి, అక్కడనుండి మొదట మచిలీపట్టణమునకును, అటుపిమ్మట నరసాపురమునకును వచ్చిరి. మన ప్రాంతము అప్పుడు మిక్కిలి దీనదశయందుండెను. 1832–33 సంవత్సరములలో గుంటూరు సీమను పాడుచేసిన డొక్కల కరవు ఇంకను జనుల నాలుకలమీదనుండెను. 1839లో కోరంగి రేవును ఉప్పెన ముంచివేసెను. ఆనకట్ట ఇంకను కట్టబడలేదు. అట్టి కాలమున చేతిపని తెలిసిన ఈ ఇరువురు కాపురములు పెట్టి తెలుగు నేర్చి, గ్రామములు తిరిగి బోధించిరి. గోదావరి డెల్టా మిషను అను పేర ప్రసిద్ధమైన పనికి ఇదియే ఆరంభము. గురుపట్టమును గూర్చి గ్రోవ్స్ గారు డబ్లినున చెప్పిన మాట కేవలము వాదము కాక, మన గోదావరి యొడ్డున ఒక సంఘమై నిలిచెను.

హిందూదేశపు క్రైస్తవులనుగూర్చియు వారి అభిప్రాయము ఇట్టిదే. దొరల అనుమతి కొరకు ఎదురుచూడక, విదేశీయుల జీతముమీద ఆధారపడక, ఈ దేశపు విశ్వాసులు తమంతట తామే సువార్తపని జరుపుకొనవలెనని వారు కోరిరి. వారి శిష్యుడగు అరుళప్పన్ అను తమిళుడు ఇట్లే 1840లో మధుర ప్రాంతమున క్రైస్తవపేట అను గ్రామమును స్థాపించి, నియమితమైన జీతము లేకయే పనిచేసెను. ఆ దినములలో పెక్కుమంది మిషనెరీలకు ఈ భావము సాహసముగ తోచెను. నేడు మన సంఘములన్నియు మన దేశస్థుల చేతులలోనే నడుచుచున్నవి గదా!

గ్రోవ్స్ గారి జీవితమున అపజయములును గలవు. వానిని కప్పిపుచ్చుట న్యాయము కాదు. వారు మద్రాసునుండి చిత్తూరునకు పోయి, వ్యవసాయమువలన జీవించుచు బోధించు ఒక కుటుంబసమూహమును ఏర్పరచిరి. అపొస్తలుడగు పౌలు గుడారములు కుట్టి జీవించినట్లు, తాము భూమి దున్ని జీవింపవలెనని వారి తలంపు. పట్టుపురుగుల పెంపకమునకు దిగిన పిమ్మట నష్టము వచ్చి, ఋణభారము మీదపడెను. రేపటికై దాచవద్దని బోధించినవారే నిన్నటి అప్పుచేత చాలకాలము క్రుంగిపోయిరి. విశ్వాసము గలవానికి లెక్కలుగూడ తెలియవలెనని ఈ సంగతి మనకు నేర్పుచున్నది. అయినను అప్పులకు వెరచి వారు పారిపోలేదు, ఇతరులను నిందింపలేదు.

ఇంతకన్న గొప్ప దుఃఖము మరియొకటి వచ్చెను. ఒక్క క్రీస్తునందు విశ్వాసులందరును కూడవలెనను కోరికతో పుట్టిన సహోదరుల సమాజముననే పక్షములు బయలుదేరెను. ఆ సమాజమున ప్రముఖుడగు డార్బీ గారికి గ్రోవ్స్ గారు 1836లోనే ఒక ఉత్తరము వ్రాసి హెచ్చరించిరి. దాని సారాంశమిది: మొదట మనము క్రీస్తునందలి జీవమును చూచి ఒకరినొకరు చేర్చుకొంటిమి, ఇప్పుడు జ్ఞానమందలి ఏకాభిప్రాయమును చూచి చేర్చుకొనుచున్నాము, ఇట్లయిన మన గుంపు దినదినము చిన్నదగును, ఇతరుల మంచినుండి వేరగుటకన్న వారి తప్పులను సహించుటయే మేలు. 1848లో ఆ సమాజము రెండుగ చీలినపుడు ఈ మాటలు ఎంత నిజమైనవో అందరికిని తెలిసినది. బ్రిస్టలునందలి ముల్లరుగారి సంఘమువారు విశాలహృదయముతో ఒక ప్రక్కను, డార్బీ గారి పక్షమువారు కఠిన నియమముతో మరియొక ప్రక్కను నిలిచిరి. గ్రోవ్స్ గారు ముల్లరుగారి వైపుననే యుండిరి.

ఆరోగ్యము చెడిన పిమ్మట వారు 1852లో స్వదేశమునకు పోయి, 1853వ సంవత్సరము మే 20వ తేదీన బ్రిస్టలునందు ముల్లరుగారి యింట పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 58 సంవత్సరములు. వారి ఉత్తరములను, దినచర్యలను కూర్చి వారి భార్య హారియెట్ గారు 1856లో ప్రకటించిన గ్రంథమువలన వారి చరిత్రము మనకు లభించినది.

విద్యార్థులారా, తలిదండ్రులారా! గ్రోవ్స్ గారి అభిప్రాయములన్నియు సరియైనవని నిరూపించుటకు మేమీ వ్యాసమును వ్రాయలేదు. యుద్ధమును గూర్చియు, ధనమును గూర్చియు, గురుపట్టమును గూర్చియు సజ్జనులు ఇరుపక్షములయందును గలరు. లేఖనములు తెరచి, ప్రార్థనచేసి, ఎవరికి వారు నిశ్చయించుకొనవలసినవే ఇవి. అయితే నిశ్చయించుకొను విధమును, నిశ్చయించుకొనిన పిమ్మట నడచుకొను విధమును గ్రోవ్స్ గారియొద్ద మనము నేర్చుకొనవచ్చును. తాము నమ్మినదాని వెల తాము చెల్లించిరి, పొరుగువానిచేత చెల్లింపజూడలేదు. సంతకము చేయనని తమ చేతిని ఆపుకొనిరిగాని, చేసినవాని చేతిని పట్టుకొనుట మానలేదు. మనలో పలువురు దీనికి తలక్రిందుగ నడచుచున్నాము. మనకు మనము సులువుగ క్షమించుకొని, పొరుగు సంఘమువానిని సన్నని తక్కెడలో తూచుచున్నాము. వేరు సంఘముల బిడ్డలు పెండ్లి చేసికొందుమన్నను, ఒకరి శవయాత్రకు మరియొకరి గురువు రావలసివచ్చినను ఎంత కలహము రేగునో మనమెరుగనిది కాదు.

ధవళేశ్వరమువద్ద ఆగిన గోదావరి నీరు పెక్కు కాలువలుగ విడిపోయి డెల్టా అంతటను పారుచున్నది. ఏ కాలువ గట్టు ఆ కాలువకు అవసరమే. గట్టు లేనియెడల నీరు నిలువదు. నీరు మాత్రము ఒకే నదిది. మన బిడ్డలు తమ తమ సంఘముల గట్లను గౌరవించుచు, ఒక్క నది నీరు త్రాగుచున్నామను సంగతిని మరువకుందురుగాక యని కోరుచున్నాము.